ఒకే మందు, రెండు జవాబులు: పియోగ్లిటజోన్ లెక్క ఎందుకు తేలలేదు

షుగర్ మందు పియోగ్లిటజోన్ వాడితే మూత్రాశయ క్యాన్సర్ వస్తుందా? 2015 జులైలో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పదేళ్ల అధ్యయనం చెప్పుకోదగ్గ ముప్పేమీ కనిపించలేదంది. ఏడాది తిరక్కుండానే, 2016 మార్చిలో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మరో అధ్యయనం ముప్పు 63 శాతం ఎక్కువంది. రెండూ లక్షకు పైగా రోగుల రికార్డుల మీద చేసినవే. రెండూ ఈ పనిలో తలపండినవాళ్లు చేసినవే. ఎవరూ లెక్క తప్పలేదు, ఎవరూ అబద్ధమాడలేదు.

లక్షల రికార్డులు కంప్యూటర్లో పోస్తే నిజం దానంతట అదే పైకి తేలుతుందని చాలామంది అనుకుంటారు. పియోగ్లిటజోన్ కథ చదివాక ఆ నమ్మకం నిలబడటం కష్టం. ఎవరిని ఎవరితో పోల్చారు, ఒక మనిషి బతికిన ఒక్కో రోజును ఏ ఖాతాలో వేశారు అనే రెండు ప్రశ్నలే ఇక్కడ జవాబును చాలావరకు నిర్ణయించాయి. ఫార్ములాల పాత్ర ఆ తర్వాతే.

అనుమానం ఎలుకలతో మొదలైంది. 1999లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చేనాటికే, ప్రయోగశాలలో మందు తిన్న మగ ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. ఎలుకకు వచ్చినది మనిషికి రావాలనేమీ లేదు, కానీ ఏళ్ల తరబడి మింగే మందు కాబట్టి వదిలేయడానికీ లేదు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీర్ఘకాలిక అధ్యయనం అడిగింది. కంపెనీ టకేడా, ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటె అనే ఆరోగ్య వ్యవస్థ రికార్డులతో ఆ పని పెట్టించింది. అక్కడ బీమా, ఆసుపత్రి, మందుల షాపు, క్యాన్సర్ రిజిస్ట్రీ అన్నీ ఒకే నంబరు కింద ఉంటాయి. ఒక మనిషి ఏ నెలలో ఏ మందు తీసుకున్నాడో, పదేళ్ల తర్వాత అతనికి ఏ క్యాన్సర్ వచ్చిందో కలిపి చూడొచ్చు.

ఇంతకీ మామూలు క్లినికల్ ట్రయల్ ఎందుకు సరిపోదు? 2005లో వెలువడిన ప్రోయాక్టివ్ ట్రయల్‌నే చూద్దాం. 5,238 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, సుమారు మూడేళ్లు గమనించారు. మూత్రాశయ క్యాన్సర్లు మందు గుంపులో 14, ఉత్తుత్తి మాత్ర గుంపులో 6. చూడగానే గుండె గుభేలుమనే తేడా. కానీ ఆ 20 కేసుల్లో 11 ట్రయల్ మొదలైన ఏడాదిలోపే బయటపడ్డాయి. క్యాన్సర్ అంత త్వరగా పుట్టి పెరగదు, అవి అప్పటికే లోపల ఉన్నవై ఉండాలి. వాటిని తీసేస్తే మిగిలింది 6, 3. ఆరుకీ మూడుకీ మధ్య తేడా నిజమో, కాకతాళీయమో ఎంత పెద్ద గణాంక శాస్త్రవేత్త అయినా చెప్పలేడు. ఈ వయసు షుగర్ రోగుల్లో లక్ష మందిని ఏడాది గమనిస్తే దాదాపు 80 మందికి వచ్చే జబ్బు ఇది. అయిదు వేలమందిని మూడేళ్లు చూస్తే పది పన్నెండు కేసులకు మించి రావు. ట్రయల్ నిజాయితీగా జరిగింది, కానీ ఈ ప్రశ్నకు చాలినంత పెద్దది కాదు.

కాబట్టి రికార్డులే దిక్కు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

దీర్ఘకాల డేటాలో లెక్కించేది మనుషుల్ని కాదు, వాళ్లు గడిపిన కాలాన్ని. ఒకరిని పదేళ్లు గమనిస్తే పది వ్యక్తి-సంవత్సరాలు. పదిమందిని ఒక్కో ఏడాది గమనించినా పదే. కేసుల సంఖ్యను ఈ కాలంతో భాగిస్తే రేటు వస్తుంది. మందు వాడిన కాలంలో రేటెంత, వాడని కాలంలో ఎంత అని పోల్చితే నిష్పత్తి వస్తుంది. నిష్పత్తి 1 అయితే తేడా లేనట్టు, 1.5 అయితే యాభై శాతం ఎక్కువైనట్టు. దానికి రెండువైపులా 95 శాతం హద్దులు వేస్తారు. కింది హద్దు 1 కన్నా పైన ఉంటే అనుమానం గట్టిపడుతుంది. వయసు, ఇతర జబ్బులు, ఇతర మందుల ప్రభావాన్ని సరిచేస్తూ ఈ నిష్పత్తి తీయడానికి బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త డేవిడ్ కాక్స్ 1972లో ఇచ్చిన పద్ధతే నేటికీ ఇలాంటి అధ్యయనాలకు వెన్నెముక.

ఇందులో పడిపోయే గొయ్యి ఒకటుంది. తెలివైనవాళ్లూ అందులో పడ్డారు. షష్టిపూర్తి చేసుకున్నవాళ్ల ఆయుష్షును, చేసుకోనివాళ్ల ఆయుష్షుతో పోల్చి చూడండి. చేసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికినట్టే తేలుతుంది, ఎందుకంటే చేసుకోవడానికే అరవై దాకా బతకాలి. నలభైలో పోయినవాళ్లందరూ 'చేసుకోనివాళ్ల' లెక్కలోకి వెళ్తారు. అంతమాత్రాన షష్టిపూర్తి ఆయుష్షు పెంచిందని ఎవరూ అనరు. మందుల విషయంలో మాత్రం అచ్చం ఇదే మాట పెద్ద పత్రికల్లో అచ్చయింది. 'రెండేళ్లు మందు వాడినవాళ్లు' అనే గుంపులో చేరాలంటే ఆ రెండేళ్లూ క్యాన్సర్ లేకుండా బతికి ఉండాలి. ఆ కాలంలో వాళ్లకు ఏమీ కావడానికి వీల్లేదు. ఆ కాలాన్ని మందు ఖాతాలో వేస్తే మందు దివ్యౌషధంలా కనిపిస్తుంది. దీన్ని గణాంకాల్లో అమరకాల పక్షపాతం అంటారు. మరో షుగర్ మందు మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ను అద్భుతంగా తగ్గిస్తుందని ఒకప్పుడు వరుసగా వచ్చిన అధ్యయనాల్లో చాలావాటికి ఈ దోషం ఉందని మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన సామీ సూయిస్సా, లోరాన్ అజూలే 2012లో చూపించారు. పియోగ్లిటజోన్ మీద 63 శాతం అని తేల్చిన బృందంలోనూ ఇదే అజూలే ఉన్నారు, కాబట్టి ఆ ఫలితాన్ని ఈ పొరపాటు కింద కొట్టిపారేయలేం.

విరుగుడు సూటిగానే ఉంటుంది. మందు మొదలుపెట్టే రోజు దాకా ఆ మనిషి రోజులన్నీ 'వాడని' ఖాతాలో పడాలి, ఆ రోజు నుంచి 'వాడిన' ఖాతాలోకి మారాలి. ఒకే మనిషి రెండు ఖాతాల్లోనూ ఉంటాడు. దానిపైన ఇంకో జాగ్రత్త: మందు మొదలైన తొలి ఏడాదిని 'వాడిన' ఖాతాలో వేయరు, ట్రయల్లో ఆ 11 కేసులను పక్కనపెట్టిన కారణంతోనే.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎవరితో పోలిక? పియోగ్లిటజోన్ షుగర్ వచ్చిన మొదటిరోజు రాసే మందు కాదు. మెట్‌ఫార్మిన్ చాలనప్పుడు, మరో మాత్ర కలిపినా చక్కెర దిగనప్పుడు రాస్తారు. అంటే వాడేవాళ్లు ఎక్కువకాలంగా, ఎక్కువ తీవ్రంగా జబ్బున్నవాళ్లు. వాళ్లకు పరీక్షలు ఎక్కువ, డాక్టర్ దగ్గరికి వెళ్లడం ఎక్కువ. పైగా ఈ మందుతో కాళ్లకు నీరు పడుతుంది. నీరు పడితే మూత్రపరీక్ష రాస్తారు. మూత్రంలో కంటికి కనపడని రక్తం దొరికితే మూత్రాశయం లోపల చూస్తారు, అక్కడ చిన్న కణితి కనిపిస్తుంది. మందు కణితిని పుట్టించిందా, లేక కణితిని త్వరగా దొరికేలా చేసిందా? కైజర్ మధ్యంతర ఫలితాల్లో, మందు వాడినవాళ్ల క్యాన్సర్లలో 95 శాతం తొలిదశలోనే దొరికాయి. అది రెండో అనుమానానికి బలమిచ్చే అంకె.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో లాగేది కూడా ఒకటుంది. 2007లో ఈ తరగతి మందులన్నిటి మీదా గుండె వైఫల్యం గురించి ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక వేయించింది. ఆ తర్వాత గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు డాక్టర్లు వీటిని తప్పిస్తారు. గుండె పాడైనవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువ. మూత్రాశయ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగే. అలా పొగతాగేవాళ్లు మందు గుంపులోంచి జారిపోతే, మందుకు నిజంగా ముప్పున్నా అది దాగిపోతుంది.

ఏ దిశలో ఎంత లాగిందో కంటితో చూసి చెప్పలేం. అంకెలు చూస్తే మాత్రం కథ రంజుగా ఉంటుంది. కైజర్ చివరి లెక్కలో ఏమీ సరిచేయకముందు రేటు, లక్ష వ్యక్తి-సంవత్సరాలకు మందు వాడినవాళ్లలో 89.8, వాడనివాళ్లలో 75.9. నిష్పత్తి 1.18 దగ్గర. అన్నీ సరిచేశాక 1.06కి దిగింది, హద్దులు 0.89 నుంచి 1.26. బ్రిటన్ కుటుంబ వైద్యుల రికార్డుల లెక్కలో సరిచేయకముందు 121.0, 88.9. అంటే 1.36. సరిచేశాక 1.63కి ఎక్కింది, హద్దులు 1.22 నుంచి 2.19. ఒకచోట సరిచేయడం ముప్పును కరిగించింది, మరోచోట పెంచింది. పోల్చినవాళ్లు ఒకరు కాదు. కైజర్‌లో 1,93,099 మంది, అప్పటికే షుగర్ ఉన్నవాళ్లు, చాలామంది పాత రోగులు. బ్రిటన్‌లో 1,45,806 మంది, షుగర్ మందు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మాత్రమే. రెండో పద్ధతిలో అందరూ ఒకే గీత దగ్గర నిలబడి పరుగు మొదలుపెడతారు. మొదటి పద్ధతిలో కొందరు సగం దారిలో కలుస్తారు, అంతకుముందు వాళ్లకేం జరిగిందో పూర్తిగా తెలియదు. పద్ధతి వరకు చూస్తే బ్రిటన్ అధ్యయనమే శుభ్రంగా ఉందని చెప్పక తప్పదు.

ఆ బృందం ఇంకో తెలివైన పని చేసింది. పియోగ్లిటజోన్‌కు తోబుట్టువులాంటి మందు రోసిగ్లిటజోన్. అదే తరగతి, అదే అవసరానికి, దాదాపు అలాంటి రోగులకే రాసేవాళ్లు. ముప్పు నిజానికి మందుది కాక, ముదిరిన జబ్బుదో ఎక్కువ పరీక్షలదో అయితే, రోసిగ్లిటజోన్ వాడినవాళ్లలోనూ అది కనిపించాలి. దానికి వచ్చిన నిష్పత్తి 1.10, హద్దులు 0.83 నుంచి 1.47. అక్కడ ముప్పు కనిపించలేదు. ఖాళీ మైదానంతో కాక తగిన జోడీతో పోల్చడమంటే ఇదే. ఒక అంకె కన్నా ఈ జోడీయే ఎక్కువ సాక్ష్యం చెబుతుంది.

కైజర్‌కూ ఒక బలముంది. రికార్డుల్లో పొగతాగే అలవాటు సరిగా నమోదు కాలేదని తెలిసి, క్యాన్సర్ వచ్చిన 464 మందిని, వాళ్లకు జోడీగా క్యాన్సర్ రాని 464 మందిని విడిగా తీసుకుని అలవాట్లు అడిగారు. అందులో నిష్పత్తి 1.18, హద్దులు 0.78 నుంచి 1.80. ఎంత వెడల్పో చూడండి. ముప్పు లేదనడానికీ వీలుంది, 80 శాతం ఎక్కువనడానికీ వీలుంది. 'తేడా కనిపించలేదు' అనే వాక్యాన్ని 'తేడా లేదు' అని చదివేవాళ్లు ఈ వెడల్పును మరిచిపోతారు. పత్రికా ప్రకటనలు ఎప్పుడూ మరిచిపోతాయి.

వీటికి తోడు మూడో అధ్యయనం. 2015లో డయాబెటోలోజియా పత్రికలో వచ్చింది. ఆరు చోట్ల రికార్డులు కలిపి పది లక్షలకు పైగా మంది, 59 లక్షల వ్యక్తి-సంవత్సరాలు. వీళ్లు వాడినవాళ్లా, వాడనివాళ్లా అని చూడలేదు. మందు మోతాదు మొత్తం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతోందా అని చూశారు. ప్రతి వంద రోజుల వాడకానికి మగవాళ్లలో నిష్పత్తి 1.01, అంటే ఏమీ లేనట్టే. ఆ ఆరు చోట్లలో ఒకటి, 63 శాతం చెప్పిన అదే బ్రిటన్ కుటుంబ వైద్యుల రికార్డుల బ్యాంకు. ఒకే గోదాములోని ధాన్యం, వేర్వేరు జల్లెళ్లు. మోతాదుతో పాటు ముప్పు పెరగకపోతే మందు నిర్దోషి అన్నది ఒక వాదన. క్యాన్సర్ అలా రోజుకింత చొప్పున పెరుగుతుందని ఎవరు చెప్పారన్నది దానికి ఎదురువాదన. రెండూ విడ్డూరమైనవేమీ కావు.

మోతాదు సంగతి 2011లోనే గట్టిగా వినిపించింది. ఫ్రాన్స్ జాతీయ బీమా రికార్డుల్లో దాదాపు 15 లక్షల షుగర్ రోగుల లెక్క తీస్తే మొత్తం నిష్పత్తి 1.22. జీవితంలో మొత్తం 28,000 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో మాత్రం 1.75. ఆ జూన్‌లోనే ఫ్రాన్స్ మందును నిలిపేసింది. ఆ ఏడాదే కైజర్ అయిదేళ్ల మధ్యంతర ఫలితం వచ్చింది. మొత్తం 1.2, రెండేళ్లు దాటి వాడినవాళ్లలో 1.4, హద్దులు 1.03 నుంచి 2.0. కింది హద్దు 1ని వెంట్రుకవాసిలో దాటింది. పదేళ్లు పూర్తయ్యేసరికి ఆ సంకేతం కరిగిపోయింది.

మధ్యలో తొంగిచూడటం తప్పు కాదు. మనుషులు మందు మింగుతూనే ఉంటారు, పదేళ్లూ కళ్లు మూసుకుని కూర్చోలేం. కానీ చూసిన ప్రతిసారీ ఒక ఖర్చుంటుంది. నిజానికి ముప్పు లేని మందు మీద ఒకేసారి చూస్తే, తప్పుడు గంట మోగే అవకాశం 5 శాతం. పోగవుతున్న అదే డేటాను అయిదుసార్లు చూసి ప్రతిసారీ అదే 5 శాతం గీత వాడితే, ఎప్పుడో ఒకసారి గంట మోగే అవకాశం 14 శాతానికి పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిరంగి సామగ్రి నాణ్యత చూడటానికి గణాంక శాస్త్రవేత్త ఏబ్రహాం వాల్డ్ తీర్చిన వరుస పరీక్ష ఈ చిక్కుకు పుట్టిన విరుగుడే. దాన్ని మార్టిన్ కుల్డార్ఫ్ బృందం టీకాల భద్రతకు మలిచింది. వారం వారం చూడొచ్చు, కానీ గీతను ముందే పైకి జరిపి చూడాలి. క్యాన్సర్‌లాంటి నిదానపు జబ్బులకు ఇది అంత అక్కరకు రాదు. టీకా వేసిన వారంలోపే బయటపడే ప్రమాదాలకే బాగా నప్పుతుంది.

కైజర్ అధ్యయనం మూత్రాశయంతో ఆగలేదు, మరో పది రకాల క్యాన్సర్లనూ చూసింది. క్లోమ క్యాన్సర్‌కు 1.41, ప్రోస్టేట్‌కు 1.13 వచ్చాయి, రెండిటి కింది హద్దూ 1 పైనే. వెదికిన క్యాన్సర్ దొరకలేదు, వెదకనివి దొరికాయి. పది చోట్ల వల వేస్తే ఎక్కడో ఒకచోట చేప పడటం వింత కాదు. క్లోమం సంగతిలో ఇంకో తిరకాసుంది. క్లోమంలో క్యాన్సర్ మొదలైతే, అది బయటపడటానికి ముందే చక్కెర అదుపు తప్పుతుంది. అదుపు తప్పితే డాక్టర్ కొత్త మాత్ర కలుపుతాడు. కొన్నాళ్లకు క్యాన్సర్ బయటపడుతుంది. రికార్డులో చూస్తే ముందు మాత్ర, తర్వాత క్యాన్సర్. జరిగింది తలకిందులు.

శాస్త్రం ఇలా కిందామీదా పడుతుంటే కోర్టులు ఆగలేదు. 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని లూసియానాలో ఒక జ్యూరీ, టకేడా, అమ్మకంలో దాని భాగస్వామి కంపెనీ ఎలై లిల్లీ కలిసి 900 కోట్ల డాలర్ల శిక్షాపరిహారం కట్టాలంది. జడ్జి దాన్ని మూడు కోట్ల 68 లక్షలకు దించారు. 2015 ఏప్రిల్‌లో వేల కేసులను టకేడా దాదాపు 240 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. కైజర్ చివరి ఫలితం అచ్చయింది ఆ తర్వాత మూడు నెలలకు. 2016 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ అన్నీ మళ్లీ తిరగేసి, ముప్పుతో సంబంధం 'ఉండొచ్చు' అనే మాటనే ఉంచింది. చాలామందికి అది తప్పించుకునే మాటలా అనిపించింది కానీ, ఉన్న సాక్ష్యానికి అంతకన్నా కచ్చితమైన మాట దొరకదు.

ఆ 'ఉండొచ్చు' ఎంతమేర? బ్రిటన్ లెక్కలో సరిచేయని రేట్ల తేడా లక్ష వ్యక్తి-సంవత్సరాలకు 32. కైజర్ లెక్కలో 14. లక్షమంది ఏడాదిపాటు వాడితే అదనంగా వచ్చే కేసులు పదుల్లోనే అన్నమాట. 63 శాతం అంటే పుట్టే భయం, 32 మంది అంటే పుట్టదు. రెండూ ఒకే అధ్యయనంలోని అంకెలు.

భారత్‌లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 2013 జూన్‌లో కేంద్రం పియోగ్లిటజోన్‌ను నిలిపేసింది. చౌకమందు పోతే పేద రోగులేం కావాలని షుగర్ డాక్టర్లు గోల పెట్టారు. జులై చివరికల్లా నిషేధం ఎత్తేసి, డబ్బా మీద హెచ్చరిక పెట్టి, మొదటి మందుగా రాయొద్దని షరతు పెట్టారు. ఆరు వారాల్లో అటూ ఇటూ. ఇక్కడ రోజుకు 15 మిల్లీగ్రాములు, ఒక్కోసారి 7.5 కూడా రాస్తారు. ఫ్రాన్స్ చెప్పిన 28,000 గీతను చేరడానికి 15 చొప్పున అయిదేళ్లు, 7.5 చొప్పున పదేళ్లు పడుతుంది. పైగా భారత్‌లో మూత్రాశయ క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకన్నా తక్కువ. కాబట్టి ఫ్రాన్స్ నిష్పత్తిని ఇక్కడికి ఎత్తుకొచ్చి అతికించడం కుదరదు, ఇక్కడి లెక్క ఇక్కడే తీయాలి.

తీయడానికి ఏముంది? ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి దుష్ప్రభావాల ఫిర్యాదులు పోగుచేస్తోంది. డాక్టర్లే కాదు, రోగులూ చెప్పొచ్చు. దద్దుర్లో, ఒక్కసారిగా వచ్చే అలర్జీయో అయితే ఆ దారిలో దొరుకుతుంది. అయిదేళ్ల తర్వాత వచ్చే క్యాన్సర్ దొరకదు, ఎందుకంటే దాన్ని మాత్రతో ముడిపెట్టి ఫిర్యాదు చేయాలని ఎవరికీ తోచదు. తోచినా, మొత్తం ఎంతమంది ఎన్నేళ్లు వాడారో తెలియకపోతే కింద హారం లేని లెక్క అది. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ దగ్గర లక్షల ఆపరేషన్ల రికార్డులున్నాయి, క్యాన్సర్ చికిత్సవీ ఉన్నాయి. కానీ నెలనెలా మెడికల్ షాపులో కొనుక్కునే షుగర్ మాత్ర ఆ రికార్డులోకి రాదు. కైజర్‌కు ఉన్నదీ ఇక్కడ లేనిదీ ఆ ఒక్క ముడే.

మాత్ర సంగతి ఇంకా చిత్రం. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పియోగ్లిటజోన్ మూడూ కలిపిన బిళ్లలు ఇక్కడ బాగా అమ్ముడవుతాయి. చీటీ మీద ఉండేది బ్రాండ్ పేరు. షాపులో ఆ బ్రాండ్ లేకపోతే 'అదేనండీ, వేరే కంపెనీ' అని ఇంకోటి చేతిలో పెడతారు. బిల్లు అడిగేవాళ్లు తక్కువ, దాచేవాళ్లు ఇంకా తక్కువ. పదేళ్ల తర్వాత మూత్రంలో రక్తం వచ్చి యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే, పియోగ్లిటజోన్ ఎప్పుడైనా వాడారా అని ఆయన అడుగుతాడు. దానికి చాలామంది చెప్పేది ఒకటే: 'ఆ పేరెప్పుడూ వినలేదు డాక్టర్, షుగర్ బిళ్ల మాత్రం రోజూ వేసుకుంటా'.